టెస్ట్ డొమైన్‌కు ఖాతాల నకలు: స్క్రిప్టు ఏం మోయాలి, ఏం వదలాలి

టెస్ట్1, టెస్ట్2, టెస్ట్3, వాటి పక్కన ఎప్పుడో ఎవరో తయారుచేసి మరిచిపోయిన ‘కొత్తయూజర్’. చాలా సంస్థల టెస్ట్ డొమైన్లలో, అంటే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి విడిగా పెట్టుకున్న ఖాతాల వ్యవస్థల్లో, జనాభా ఇంతే. సెలవుల దరఖాస్తు సాఫ్ట్‌వేరైనా, జీతాల పోర్టలైనా ఈ నలుగురి మీద చక్కగా పనిచేస్తుంది. నలుగురివీ పొట్టి పేర్లే, నలుగురూ ఒకే గ్రూపులో ఉంటారు, పై అధికారి అంటూ ఎవరికీ ఉండరు. అదే సాఫ్ట్‌వేర్ అసలు డొమైన్‌లో పెట్టిన తొలి ఉదయమే మొరాయిస్తుంది. ఎవరి పేరులోనో కామా ఉంటుంది. ఎవరో మూడు వందల గ్రూపుల్లో సభ్యులై ఉంటారు. ఒక గ్రూపులో ఇంకో గ్రూపు, దానిలో మరొకటి, చివరిదానిలో మళ్లీ మొదటిదే ఉంటుంది. అప్పుడు ఎవరికో ఒకరికి తోస్తుంది: అసలు డైరెక్టరీలోని ఖాతాలన్నిటినీ ఒక స్క్రిప్టుతో టెస్ట్ డొమైన్‌లోకి నకలు చేసుకుంటే సరిపోదా?

ఆ ఆలోచనలో తప్పేమీ లేదు. సంస్థలోని ఖాతాలు, గ్రూపులు, కంప్యూటర్ల వివరాలను ఒకచోట ఉంచే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ 2000లో విండోస్ 2000 సర్వర్‌తో పాటు వచ్చింది. ఏళ్ల తరబడి నడిచిన డొమైన్‌లో చేరినవాళ్లు, వెళ్లిపోయినవాళ్లు, విలీనమైన కంపెనీలు, మూడుసార్లు పేరు మారిన విభాగాలు పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి. ఆ పేరుకున్నదాన్ని కూర్చుని ఊహించి తయారుచేయడం ఎవరి తరమూ కాదు. పేర్ల సంగతే చూడండి. యాక్టివ్ డైరెక్టరీలో పాత పద్ధతి లాగిన్ పేరుకు 20 అక్షరాల హద్దు ఉంది. వెంకటసత్యనారాయణ అన్న పేరును ఇంగ్లిషు అక్షరాల్లో విడమరిచి రాస్తే సరిగ్గా 20 అవుతాయి. ఇంటిపేరుకు ఒక్క అక్షరం చోటు కూడా మిగలదు. ఒక్కో అడ్మినిస్ట్రేటర్ ఒక్కో కాలంలో ఒక్కో చోట కత్తిరించి ఉంటారు. టెస్ట్1 మీద పరీక్షించినంత కాలం ఈ గొడవ బయటపడదు.

ఇంటిపేరు సంగతి మరీ చిత్రం. డైరెక్టరీల ప్రమాణం పుట్టినచోట ఇంటిపేరు చివర వస్తుంది, అందరికీ ఉంటుంది. తెలుగువాళ్లలో అది ముందొస్తుంది, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. యాక్టివ్ డైరెక్టరీ ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలినా ఊరుకుంటుంది. టెస్ట్ వైపు ఖర్చు తగ్గుతుందని ఓపెన్‌ఎల్‌డాప్ అనే ఉచిత డైరెక్టరీ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే అది ఊరుకోదు. అక్కడ వ్యక్తి ఖాతాకు సాధారణంగా వాడే ఐనెట్‌ఆర్గ్‌పర్సన్ తరగతిలో ఇంటిపేరు తప్పనిసరి. గడి ఖాళీగా ఉన్న ఖాతాను అది నిర్మొహమాటంగా తిప్పి పంపుతుంది. నకలు స్క్రిప్టు మొదటిసారి నడిపినప్పుడు వచ్చే ఎర్ర అక్షరాల తప్పు సందేశాల్లో వీటి వాటా తక్కువేమీ ఉండదు.

స్క్రిప్టు రాయడం ఇప్పుడు తేలికైంది. విండోస్ 2000 రోజుల్లో సీఎస్‌వీడీఈ, ఎల్‌డీఐఎఫ్‌డీఈ అనే రెండు కమాండ్లు ఉండేవి. మొదటిది కొత్త ఖాతాలను చేర్చగలదు గానీ ఉన్నవాటిని మార్చలేదు. రెండోది మార్చగలదు, తీసేయగలదు కూడా. అవి ఇప్పటికీ ఉన్నాయి. 2009లో విండోస్ సర్వర్ 2008 ఆర్2తో పాటు విండోస్ కమాండ్ల భాష అయిన పవర్‌షెల్‌కు యాక్టివ్ డైరెక్టరీ మాడ్యూల్ (కమాండ్ల కట్ట) వచ్చాక చాలామంది అటే మళ్లారు. గెట్-ఏడీయూజర్‌తో చదవడం, న్యూ-ఏడీయూజర్‌తో సృష్టించడం, మధ్యలో మొదటిదాని ఫలితాన్ని రెండోదానికి అందించే ఒక గొట్టపు గుర్తు. మూడు వరుసల్లో పని అయిపోతుందనిపిస్తుంది.

ఆ మూడు వరుసలు ఎక్కడ తడబడతాయో తెలిస్తే అసలు విషయం అర్థమవుతుంది. గెట్-ఏడీయూజర్ తనంతట తాను ఖాతాలోని పది వివరాలే ఇస్తుంది: పేర్లు, లాగిన్ పేర్లు, గుర్తింపు సంఖ్యలు, ఖాతా చాలూలో ఉందా లేదా వంటివి. విభాగం, హోదా, పై అధికారి, ఈమెయిల్ వీటిలో ఉండవు, పేరుపెట్టి అడగాలి. సరే, అన్నీ ఇవ్వమని నక్షత్రం గుర్తు పెట్టి అడిగితే వందకు పైగా వస్తాయి. వాటిని యథాతథంగా కొత్త డొమైన్‌లో రాయబోతే సర్వర్ ఒప్పుకోదు. ఖాతా పుట్టిన తేదీ, చివరగా మారిన తేదీ, తప్పు పాస్‌వర్డ్‌ల లెక్క, చివరి లాగిన్, భద్రతా గుర్తింపు సంఖ్య, ఇవన్నీ డైరెక్టరీ తన చేత్తో తానే రాసుకునేవి. బయటి స్క్రిప్టు చెప్పినట్టు వాటిని రాయదు.

అంటే యాక్టివ్ డైరెక్టరీలో ఖాతాకు నకలు అన్నదే లేదు. ఉన్నదల్లా, పాత ఖాతాను చూసి అలాంటి కొత్త ఖాతాను పుట్టించడం. ఈ తేడాను తేలిగ్గా తీసుకున్న చోటల్లా తర్వాత తలనొప్పులు వస్తాయి. భద్రతా గుర్తింపు సంఖ్య, అంటే ఎస్‌ఐడీ, రెండు ముక్కలుగా ఉంటుంది: డొమైన్‌ది ఒకటి, ఆ డొమైన్‌లో ఖాతా వరస సంఖ్య మరొకటి. డొమైన్ మారితే మొదటి ముక్క మారుతుంది, రెండోది కొత్తగా కేటాయిస్తారు. ఫైలు సర్వర్‌లోని ఫోల్డర్ల మీద హక్కులన్నీ ఈ సంఖ్యతోనే రాసి ఉంటాయి, పేరుతో కాదు. కాబట్టి లక్ష్మి ఖాతా టెస్ట్ డొమైన్‌లో అదే పేరుతో పుట్టినా, నకలు తెచ్చిన ఫోల్డర్ల దృష్టిలో ఆమె పరాయి మనిషే. పట్టాదారు పాసుపుస్తకాన్ని జిరాక్సు తీసుకుంటే పొలం రాదు కదా, ఇదీ అంతే. అనుమతులను కూడా పరీక్షించాలంటే వాటిని టెస్ట్ వైపు గ్రూపుల పేర్లతో మళ్లీ రాయించాల్సిందే. కంప్యూటర్లకు, ఖాతాలకు వర్తించే అమరికల మూటలైన గ్రూప్ పాలసీల దారి వేరు. వాటిని బ్యాకప్ తీసి, పేర్ల మార్పిడి పట్టికతో దించుకునే ఏర్పాటు విడిగా ఉంది.

సంబంధాల దగ్గర ఇంకో మెలిక ఉంది. ఖాతా తెరిచి చూస్తే అతను ఏయే గ్రూపుల్లో ఉన్నాడో కనిపిస్తుంది, కాబట్టి ఆ జాబితా ఖాతాలోనే ఉందనుకుంటాం. నిజానికి సభ్యుల జాబితా గ్రూపులో ఉంటుంది. ఖాతాలో కనిపించేది దాని ప్రతిబింబం. అద్దంలో బొట్టు పెట్టలేం, మొహానికే పెట్టాలి. స్క్రిప్టు కూడా గ్రూపు వైపు నుంచే రాయాలి. పై అధికారి విషయంలో దీనికి తిరగబడి ఉంటుంది: ఉద్యోగి ఖాతాలో అధికారి చిరునామా నిజంగానే నిల్వ ఉంటుంది, అధికారి ఖాతాలో కనిపించే కిందివాళ్ల జాబితా ప్రతిబింబం. కానీ అధికారి ఖాతా అప్పటికి పుట్టి ఉంటేనే ఆ చిరునామా చెల్లుతుంది. అక్షర క్రమంలో సృష్టించుకుంటూ పోతే ఆనంద్ వంతు వచ్చేసరికి అతని మేనేజరు విజయ ఇంకా పుట్టదు.

అందుకే పని రెండు విడతల్లో చేయాలి. ముందు ఓయూలు అనబడే విభాగపు పెట్టెలు, అవీ పెద్దవాటి నుంచి చిన్నవాటికి. తర్వాత సంబంధాలేవీ లేకుండా ఖాతాలు, ఖాళీ గ్రూపులు. అన్నీ పుట్టాక రెండో విడతలో అధికారులను, గ్రూపు సభ్యత్వాలను కలపాలి. పెట్టెల అమరికను సులువు కోసం చదును చేసి, అందరినీ ఒకే పెట్టెలో పడేయాలన్న ఆలోచన వస్తే అక్కడే ఆపేయడం మంచిది. లాగిన్ పేరు డొమైన్ మొత్తంలో ఒక్కటే ఉండాలి గానీ, ఖాతా పూర్తి పేరు మాత్రం ఒక పెట్టెలో ఒక్కటి ఉంటే చాలు. హైదరాబాద్ పెట్టెలో ఒక కె. శ్రీనివాస్, విశాఖ పెట్టెలో ఇంకో కె. శ్రీనివాస్ హాయిగా బతుకుతుంటారు. ఇద్దరినీ ఒకే గదిలోకి తెస్తే రెండో శ్రీనివాస్‌కు చోటు ఉండదు. పైగా ఆ పెట్టెల అమరిక మీద ఆధారపడే సాఫ్ట్‌వేర్లు బోలెడు; చదును చేసిన డైరెక్టరీ మీద వాటి పరీక్షకు విలువ ఉండదు.

పెద్ద గ్రూపుల దగ్గర చప్పుడు లేని తప్పు ఒకటి పొంచి ఉంటుంది. డైరెక్టరీలను ప్రశ్నించే ప్రామాణిక పద్ధతి అయిన ఎల్‌డాప్ ద్వారా నేరుగా గ్రూపు సభ్యులను అడిగితే యాక్టివ్ డైరెక్టరీ ఒక విడతకు 1,500 మందినే ఇస్తుంది, అదీ ‘0 నుంచి 1499 వరకు’ అన్న తోక తగిలించిన వేరే పేరుతో. ఆ తోక సంగతి తెలియని స్క్రిప్టు మామూలు పేరు కోసం వెతికి, ఏమీ కనబడక, గ్రూపు ఖాళీ అనుకుని ముందుకు పోతుంది. ఒక్క హెచ్చరిక కూడా రాదు. సంస్థలో అతి పెద్ద గ్రూపు టెస్ట్ డొమైన్‌లో సభ్యులు లేకుండా పుడుతుంది. పవర్‌షెల్‌లోని గెట్-ఏడీగ్రూప్‌మెంబర్ కాస్త నయం. మామూలు అమరికలో 5,000 దాటితే కనీసం ఎర్ర అక్షరాల్లో అరుస్తుంది. అరిచే తప్పు కన్నా మౌనంగా ఉండే తప్పే ప్రమాదం. కాబట్టి నకలు ముగిశాక రెండు వైపులా ఖాతాలు ఎన్ని, గ్రూపులు ఎన్ని, ప్రతి గ్రూపులో సభ్యులు ఎందరు అని లెక్క సరిచూసే నాలుగు వరుసలు స్క్రిప్టులో ఉండాలి. అవి లేని స్క్రిప్టు పూర్తయినట్టు కాదు.

రెండు డొమైన్ల మధ్య మోసుకెళ్లే ఫైలు సంగతి కూడా చెప్పుకోవాలి. ఎక్సెల్‌లో తెరిచి చూసుకోవచ్చని అందరూ సీఎస్‌వీ వైపు మొగ్గుతారు. కానీ ఒక గడిలో ఒకే విలువ పట్టే పట్టిక అది. ఒకే మనిషికి నాలుగు ఈమెయిల్ మారుపేర్లు ఉంటే ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ వాటిని రాయదు, వాటి స్థానంలో ఆ విలువల జాతి పేరు ఒకటి పొడుగ్గా రాసి పెడుతుంది. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో ఇంకో చేదు ఉంది. ఏ ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) కావాలో చెప్పకపోతే అది ఆస్కీలో రాస్తుంది, అంటే ఇంగ్లిషు అక్షరాలు తప్ప మిగతావన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. కనిపించే పేరును తెలుగులో పెట్టుకున్న రావు నాలుగు ప్రశ్నార్థకాలుగా, రెడ్డి ఆరు ప్రశ్నార్థకాలుగా అవతలి ఒడ్డు చేరతారు. గుణింతం గుర్తుకొకటి, పొల్లుకొకటి లెక్కన కంప్యూటర్ ఎంత నిక్కచ్చిగా పాడుచేస్తుందో చూడండి. పవర్‌షెల్ 6 నుంచి అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 వచ్చి ఈ బాధ పోయింది. ఏమైనా, మోతకు ఒక గడిలో పలు విలువలు పట్టే సీఎల్‌ఐ-ఎక్స్‌ఎంఎల్ గానీ జేసన్ గానీ వాడుకుని, సీఎస్‌వీని కంటితో చూసుకోవడానికి మాత్రం ఉంచుకోవడం మేలు.

పాస్‌వర్డ్‌ల గురించి అడగని పరీక్షా బృందం ఉండదు: అవి కూడా వస్తాయా? రావు. పాస్‌వర్డ్ గడిలోకి రాయవచ్చు గానీ చదవలేం, ఆ రాయడం కూడా ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్ మీదే. చాలూ స్థితిలో కొత్త ఖాతా పుట్టించాలంటే నియమాలకు సరిపడే పాస్‌వర్డ్ ఇవ్వాలి; ఇచ్చినది చాలకపోతే న్యూ-ఏడీయూజర్ తప్పు చూపిస్తుంది, కానీ ఖాతాను మాత్రం పుట్టించి, మూసి ఉంచుతుంది. రెండోసారి నడిపితే ‘ఈ ఖాతా ఇప్పటికే ఉంది’ అంటుంది. స్క్రిప్టు ప్రతి ఖాతా దగ్గరా ముందు ఉందో లేదో చూసి, ఉంటే సరిదిద్ది, లేకపోతే సృష్టించేలా రాయాలనడానికి ఇదొక్కటే చాలిన కారణం. సగంలో ఆగిన స్క్రిప్టును మళ్లీ మొదటి నుంచి భయం లేకుండా నడపగలగాలి.

పాస్‌వర్డ్ చదవలేకపోయినా దాని హ్యాష్‌ను (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టి దాచిన, వెనక్కి తిప్పలేని గుర్తును) డొమైన్ కంట్రోలర్ (డైరెక్టరీని నడిపే సర్వర్) నుంచి లాగే సాధనాలున్నాయి. డొమైన్ కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషనే వాడుకుని హ్యాష్‌లు రాబట్టే ఈ ఎత్తును దాడి చేసేవాళ్లు ఏళ్లుగా వాడుతున్నారు. ‘వినియోగదారులకు తమ పాత పాస్‌వర్డే పనిచేస్తే పరీక్ష సులువు కదా’ అని ఎవరైనా ఆ దారి సూచిస్తే, ఒప్పుకోకపోవడమే అడ్మినిస్ట్రేటర్ ఉద్యోగధర్మం. విండోస్ నెట్‌వర్క్‌లో హ్యాష్ చేతిలో ఉంటే చాలాచోట్ల పాస్‌వర్డ్ చేతిలో ఉన్నట్టే. అసలు డొమైన్‌కు పెట్టిన కాపలాలో పదోవంతు కూడా లేని చోట వాటిని గుట్టగా పోయడం, బీరువా తాళం తీసి గుమ్మానికి తగిలించడంతో సమానం. అందరికీ ఒకే సులువైన పాస్‌వర్డ్ పెట్టడం కూడా అంత గొప్ప ప్రత్యామ్నాయమేమీ కాదు. ప్రతి ఖాతాకు యాదృచ్ఛికంగా ఒక పొడవాటి పాస్‌వర్డ్ పెట్టి, పరీక్షకు నిజంగా లాగిన్ కావాల్సిన పది పదిహేను మందికి మాత్రమే అడిగినప్పుడు మార్చి ఇస్తే సరిపోతుంది. వేల ఖాతాల్లో మిగతావన్నీ బొమ్మల కొలువులో బొమ్మల్లాంటివే, వాటితో ఎవరూ లాగిన్ కారు.

టెస్ట్ వ్యవస్థకు కాపలా ఎందుకని తేలిగ్గా తీసుకునేవారికి 2023 నవంబరు చివర్లో మొదలైన మైక్రోసాఫ్ట్ ఉదంతం చూపించాలి. మిడ్‌నైట్ బ్లిజర్డ్ అని ఆ సంస్థ పిలిచే దాడి బృందం, ఒక పాత టెస్ట్ టెనెంట్‌లోని (క్లౌడ్‌లో విడిగా కేటాయించిన డైరెక్టరీలోని) ఖాతా పాస్‌వర్డ్‌ను ఊహలతో ప్రయత్నించి పట్టుకుంది. ఆ ఖాతాకు రెండో అంచె ధ్రువీకరణ లేదు. దాని ద్వారా ఒక పాత టెస్ట్ అప్లికేషన్ దొరికింది; ఆ అప్లికేషన్‌కు అసలు కార్పొరేట్ వ్యవస్థలో పెద్ద హక్కులు ఉండిపోయాయి. అక్కడి నుంచి ఉన్నతాధికారుల ఈమెయిళ్ల దాకా దారి ఏర్పడింది. 2024 జనవరి 12న సంస్థ దీన్ని పసిగట్టింది, అదే నెలలో బయటపెట్టింది. అది క్లౌడ్ డైరెక్టరీ, ఇక్కడ మాట్లాడుకుంటున్నది సంస్థ సొంత గదిలోని డైరెక్టరీ. తేడా ఉంది. కానీ డైరెక్టరీలను రూపొందించిన సంస్థకే తన పాత టెస్ట్ గదిలో ఏముందో గుర్తులేకపోతే, మిగతావాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఇక మనుషుల వివరాలు. నకలు స్క్రిప్టు మీద చర్చంతా సాధారణంగా సాంకేతిక చిక్కుల మీదే నడుస్తుంది. అవి ఎర్ర అక్షరాల్లో కనిపిస్తాయి కాబట్టి ఎవరో ఒకరు సరిదిద్దుతారు. సొంత ఫోను నంబరు, ఇంటి చిరునామా, ఫొటో మాత్రం ఏ తప్పూ చూపకుండా సాఫీగా అవతలికి చేరతాయి. వ్యాఖ్య గడి అన్నిటికన్నా మోసకారి. అందులో అడ్మినిస్ట్రేటర్లు తోచింది రాసుకుంటారు: ఫలానావారు ప్రసూతి సెలవులో ఉన్నారని, ఫలానావారి మీద విచారణ నడుస్తోందని. సాఫ్ట్‌వేర్లు లాగిన్ కావడానికి వాడే సర్వీసు ఖాతాల పాస్‌వర్డ్‌లను అదే గడిలో రాసి పెట్టుకోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన దురలవాటు. లాగిన్ అయిన ఎవరైనా ఆ గడిని చదవగలరన్నది రాసేవారికి తట్టదు. కాబట్టి రాసి ఉన్న వాక్యాలేవైనా సరే, అవతలికి ఒక్క ముక్క కూడా పోకూడదు.

ఈమెయిల్ చిరునామా అలాగే వెళ్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. టెస్ట్ వ్యవస్థలో ఎవరో ‘ఉద్యోగం నుంచి తొలగింపు’ అన్న నమూనా ఉత్తరాన్ని పరీక్షిస్తారు, అది వెళ్లి నిజమైన మనుషుల ఇన్‌బాక్సుల్లో పడుతుంది. దీనికి మందు ఎప్పటి నుంచో ఉంది. ఇంటర్నెట్‌లో ఎవరికీ ఎన్నటికీ కేటాయించకూడదని ‘.టెస్ట్’, ‘.ఇన్‌వాలిడ్’ వంటి డొమైన్ తోకలను 1999లోనే విడిగా పెట్టారు. ప్రతి చిరునామా తోకనూ అలాంటిదానితో మారిస్తే ఉత్తరం బయటికి పోయే దారే ఉండదు. ఫోను నంబర్లకూ ఇదే పద్ధతి. లేకపోతే అర్ధరాత్రి లోడ్ టెస్ట్ నడిపిన ప్రతిసారీ ఎవరి ఫోనో ఓటీపీలతో మోగుతుంది.

పేర్లను మార్చడంలో కొంచెం నేర్పు కావాలి. ప్రతిసారీ కొత్త దొంగపేరు పెడితే పోయినవారం పట్టుకున్న లోపం ఎవరి ఖాతాలోదో ఈ వారం వెతికి పట్టుకోలేం. ఒక మనిషికి ఎప్పుడూ ఒకే మారుపేరు రావాలి. దానికి ఉద్యోగి సంఖ్యను హ్యాష్ చేస్తే చాలనుకుంటారు. ఆరంకెల సంఖ్యలు మొత్తం పది లక్షలే. అన్నిటినీ హ్యాష్ చేసి పట్టిక తయారుచేసుకోవడం మామూలు ల్యాప్‌టాప్‌కు సెకన్ల పని, తర్వాత ప్రతి మారుపేరు వెనకా ఎవరున్నారో తెలిసిపోతుంది. హ్యాష్‌తో పాటు ఒక రహస్య తాళాన్ని కలిపే హెచ్‌మ్యాక్ పద్ధతి వాడి, ఆ తాళాన్ని అసలు వైపే దాచి ఉంచితే ఈ దారి మూసుకుపోతుంది. మారుపేరు పొడవు అసలు పేరు పొడవంతే ఉండేలా, అసలు పేరులో కామా ఉంటే మారుపేరులోనూ ఉండేలా చూసుకోవాలి. లేకపోతే నకలు మొదలుపెట్టిన ప్రయోజనమే పోతుంది. ఎంత చేసినా, ఆర్థిక విభాగాధిపతి అన్న హోదాలో ఒక్కరే ఉన్నచోట పేరు మార్చినంత మాత్రాన ఆ మనిషి దాగరు. చిన్న సంస్థల్లో హోదాలను కూడా కలగాపులగం చేయాల్సి వస్తుంది.

ఈ జాగ్రత్తలన్నీ చాదస్తం అనిపిస్తే చట్టం గుర్తు చేసుకోవాలి. భారతదేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఉద్యోగ అవసరాల కోసం సిబ్బంది వివరాలను వాడుకోవడానికి అది కొంత వెసులుబాటు ఇచ్చినా, వాటిని భద్రంగా ఉంచే బాధ్యతలో మాత్రం సడలింపు ఇవ్వలేదు. ఆ భద్రతలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. యూరప్ జీడీపీఆర్ 2018 మే 25 నుంచే అమల్లో ఉంది. యూరప్ సంస్థల డైరెక్టరీలను హైదరాబాద్‌లో కూర్చుని నడిపే బృందాలకు ఇది దూరపు కబురు కాదు. అక్కడి ఉద్యోగుల వివరాలు ఇక్కడి టెస్ట్ సర్వర్‌లోకి వచ్చాయంటే దేశం దాటినట్టే లెక్క. అందుకే పేర్లు మార్చే పని ఎక్కడ జరుగుతుందన్నది ముఖ్యం. ఫైలు అసలు డొమైన్ గడప దాటకముందే మార్చాలి. టెస్ట్ వైపు తెచ్చాక మారుద్దామనుకుంటే, మార్చేలోపు ఉన్న ఆ గంటసేపూ అసలు వివరాలన్నీ కాపలా లేని చోట ఉంటాయి. ఆ ఫైలు కాపీ ఎవరో ఒకరి డౌన్‌లోడ్స్ ఫోల్డరులో శాశ్వతంగా ఉండిపోతుంది.

స్క్రిప్టు ఏ డొమైన్ మీద నడుస్తోందన్న ప్రశ్నను నిజానికి అన్నిటికన్నా ముందు వేసుకోవాలి. యాక్టివ్ డైరెక్టరీ కమాండ్లకు సర్వర్ పేరు చెప్పకపోతే అవి నడుస్తున్న కంప్యూటర్ ఏ డొమైన్‌దో ఆ డొమైన్‌నే పట్టుకుంటాయి. అడ్మినిస్ట్రేటర్ ల్యాప్‌టాప్ సాధారణంగా అసలు డొమైన్‌లోనే ఉంటుంది. ఇంతకన్నా సూక్ష్మమైనది ఇంకొకటి: గొట్టం గుండా వచ్చిన ఖాతా తాను ఏ సర్వర్ నుంచి వచ్చిందో వెంట మోసుకొస్తుంది. అసలు డొమైన్‌లో చదివిన ఖాతాను అలాగే సెట్-ఏడీయూజర్‌లోకి తోస్తే, మార్పు వెళ్లి అసలు ఖాతా మీదే పడుతుంది. ఈమెయిళ్లన్నీ ‘.ఇన్‌వాలిడ్’గా మార్చే వరుస ఒకటి ఇలా దారి తప్పితే ఆ ఉదయం సంస్థలో ఎవరికీ ఉత్తరాలు రావు.

దీనికి విరుగుడుగా స్క్రిప్టు డైరెక్టరీలో ఏదైనా రాసే ముందు ‘సరేనా, కాదా’ అని అడిగించడం మీద నమ్మకం పెట్టుకోవడం దండగ. పదోసారికి అందరూ చూడకుండానే సరే కొడతారు. గట్టి ఏర్పాటు వేరే ఉంది. రాసే భాగం మొదలయ్యేటప్పుడు ఎదుటి డొమైన్ ఎస్‌ఐడీని చదివి, స్క్రిప్టులో రాసిపెట్టిన టెస్ట్ డొమైన్ ఎస్‌ఐడీతో పోల్చి, తేడా ఉంటే అక్కడికక్కడే ఆగిపోవాలి. డొమైన్ పేర్లు ఒకేలా ఉండవచ్చు గానీ, విడిగా పుట్టించిన డొమైన్ల ఎస్‌ఐడీలు ఒకేలా ఉండవు. చదివే భాగాన్ని, రాసే భాగాన్ని రెండు వేర్వేరు స్క్రిప్టులుగా, రెండు వేర్వేరు యంత్రాల మీద, రెండు వేర్వేరు ఖాతాలతో నడపాలి. చదవడానికి మామూలు ఖాతా దాదాపుగా సరిపోతుంది, డొమైన్ అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. రాసే ఖాతా అసలు డొమైన్‌లో ఉండనే కూడదు. రెండు డొమైన్ల మధ్య ట్రస్ట్ (ఒకదాని ఖాతాలను రెండోది నమ్మే ఏర్పాటు) పెట్టుకుంటే పని సులువవుతుందన్నది నిజమే. ఆ సులువు దొంగకూ అంతే.

ఇంత గొడవ ఎందుకు, ఒక డొమైన్ కంట్రోలర్ బ్యాకప్‌ను తెచ్చి విడిగా నిలబెడితే సరిపోతుంది కదా అనేవారూ ఉన్నారు. అందులో అన్నీ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి: ఎస్‌ఐడీలు, స్కీమా (ఖాతాల్లో ఏయే గడులు ఉండవచ్చో చెప్పే నిర్మాణం), పాలసీలు, సభ్యత్వాలు. వాటితో పాటు ప్రతి ఒక్కరి పాస్‌వర్డ్ హ్యాష్, డొమైన్ మొత్తానికి లాగిన్ టికెట్లు ముద్రించే కెర్బ్‌టీజీటీ ఖాతా తాళం కూడా వస్తాయి. పైన చెప్పిన ఎస్‌ఐడీ తనిఖీ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఎస్‌ఐడీ అదే. విపత్తు నుంచి కోలుకునే సాధన చేయడానికో, స్కీమా మార్పును ముందుగా చూసుకోవడానికో ఈ పద్ధతే సరైనది. స్కీమాలో ఒకసారి చేర్చినదాన్ని తొలగించడం కుదరదు కాబట్టి అక్కడ నమూనా మీద ఆధారపడలేం. కానీ ఆ నకలు అసలు నెట్‌వర్క్‌తో ఏ తీగా కలవని గదిలో, అసలు డొమైన్ కంట్రోలర్‌కు ఉన్నంత కాపలాతో ఉండాలి, పని కాగానే చెరిపేయాలి. సాఫ్ట్‌వేర్ పరీక్షించే బృందానికి రోజువారీ వాడకానికి దాన్ని అప్పగించడం మాత్రం పూర్తిగా పొరపాటు.

స్క్రిప్టుతో కట్టిన టెస్ట్ డొమైన్‌కు మిగిలే ప్రశ్న, దాన్ని తాజాగా ఉంచడం. అసలు వైపు మార్పులను మాత్రమే ఎప్పటికప్పుడు పంపే పద్ధతి తెలివైనదిగా కనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత చూస్తే, ఎప్పుడో ఉద్యోగం మానేసినవాళ్లు టెస్ట్ వైపు ఇంకా గ్రూపుల్లో తిరుగుతుంటారు. పరీక్షకులు చేత్తో మార్చినవేవో, స్క్రిప్టు మార్చినవేవో విడదీయలేం. వారానికోసారి మొత్తం తుడిచి మళ్లీ కట్టడమే మోటుగా ఉన్నా నమ్మదగిన పద్ధతి. తుడవబోయినప్పుడు పవర్‌షెల్‌తో పుట్టించిన పెట్టెలు మొండికేస్తాయి. పొరపాటున తొలగించకుండా కాపాడే గుర్తు వాటికి పుట్టుకతోనే ఉంటుంది. సృష్టించేటప్పుడే దాన్ని తీసేయాలి. రీసైకిల్ బిన్ చాలూలో ఉంటే తుడిచిన ఖాతాలు మామూలుగా 180 రోజులు వివరాలతో సహా డేటాబేస్‌లోనే ఉంటాయి, ఫైలు ఉబ్బుతుంది. టెస్ట్ డొమైన్‌లో ఆ సదుపాయాన్ని చాలూ చేయకపోతే నష్టం లేదు.

ఇలా తుడిచి కట్టుకుంటూ పోతే ఎస్‌ఐడీలోని వరస సంఖ్యలు అయిపోతాయేమోనన్న దిగులు కలగవచ్చు. ఒక డొమైన్‌లో అవి మొత్తం 107 కోట్లు, వాడినది మళ్లీ రాదు. ప్రతి వారం 40,000 ఖాతాలు, గ్రూపులు పుట్టించినా ఏడాదికి 21 లక్షల లోపే ఖర్చవుతాయి. అయిదు వందల ఏళ్ల పాటు ఆ దిగులు అక్కర్లేదు. ఆ సంఖ్యలను డొమైన్ కంట్రోలర్లకు 500 చొప్పున పంచే ఆర్‌ఐడీ మాస్టర్ పాత్రను టెస్ట్ వైపు ఏ యంత్రం మోస్తోందో మాత్రం ముందే చూసుకోవాలి. ఆ యంత్రం ఆగి ఉంటే, చేతిలో ఉన్న సంఖ్యలు అయిపోగానే ఖాతాల సృష్టి మధ్యలో నిలిచిపోతుంది. స్క్రిప్టులో తప్పు కోసం ఎంత వెతికినా అప్పుడు దొరకదు.